మూలన కూర్చున్న మామిడికాయ

ఏటా మార్చి నెలాఖరు వచ్చిందంటే నేను ఇక్కడ కనిపించను. మళ్ళీ జూన్‌లో తొలకరి పడ్డాకే నా రాతలు మొదలవుతాయి. "ఎండలకి పుట్టింటికి వెళ్ళిపోతారా ఏంటండీ?" అని అడిగినవాళ్ళున్నారు. పుట్టిల్లూ కాదు, ఊటీ కాదు. మాది చాట్రాయి. మామిడి కాలంలో మా ఊరు వదిలి వెళ్ళడమంటే పెళ్ళిపీటల మీద నుంచి లేచి వెళ్ళడం లాంటిదే.

ఈసారి మాత్రం మే నెల నడిమధ్య కూర్చుని ఇది రాస్తున్నాను. ఎలా కుదిరిందో చెప్పాలంటే మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క లాప్‌టాప్ సంగతి, దాని కింది కుడి మూలన గడియారం పక్కన కొత్తగా వెలిసిన గోరంత మామిడికాయ సంగతి చెప్పాలి.

మా ఆయనది మామిడి కమిషను వ్యాపారం. తోటల నుంచి ట్రాక్టర్ల మీద కాయ వస్తుంది. కాటా వేస్తారు, చీటీ రాస్తారు, లారీకి ఎత్తుతారు. బంగినపల్లి ఎంత, రసాలు ఎన్ని, కలెక్టరు కాయ ఎంత, తరుగు ఎంత, ఎవరికి ఎంత ముట్టింది, ఎంత బాకీ ఉంది... ఈ లెక్కలన్నీ పొడుగాటి ఖాతా పుస్తకాల్లో ఉండేవి. మా పెద్దది నూజివీడు ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్స్ చదువుతోంది. రెండేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకి వచ్చి, వాళ్ళ నాన్న కోసం లెక్కల ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టింది. అరగంటకోసారి ఆ లెక్కలు వాటంతట అవే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతాయి. సాయంత్రం ఆరింటికి, డబ్బు ఇంకా ముట్టని రైతుల పేర్లు చూపిస్తుంది. ఆయన ముచ్చటపడి పుస్తకం పక్కన పెట్టారు. నకలు చీటీలు దాచడం కూడా మానేశారు.

చిక్కల్లా ఒకటే. ఆ ప్రోగ్రాం తెర మీద తెరిచి ఉంటేనే పనిచేసేది. తెర నిండా అదే. "దాన్ని కదపకు, కాపీలు ఆగిపోతాయి" అనేవారు మా ఆయన. రెండు నెలలపాటు లాప్‌టాప్ ముందుగదిలో బల్ల మీద, గల్లాపెట్టె పక్కన, లెక్కలు చూపిస్తూ కూర్చునేది. నేను రాసుకోవాలంటే తెల్లవారుజామున మూడింటికి లేవాలి. సీజన్‌లో ఆ టైముకే కూలీలకి టీ పెట్టాలి. ఇదీ నా ఏప్రిల్, మే నెలల మౌనం వెనక కథ.

పోయినేడు దానికి తోడు ఇంకో దెబ్బ తగిలింది. మా ఆయనకి రాత్రి పడుకునే ముందు ఇంట్లో అన్నీ ఆర్పే అలవాటు. లైటు, ఫ్యాను, గ్యాసు, గేటు అయ్యాక లాప్‌టాప్ మీద ఉన్న కిటికీకి కూడా పైనున్న ఇంటూ గుర్తు నొక్కేసేవారు. పొద్దున్నే తెరిచేవారు. ఒక వారం ఏమైందో, పని హడావుడిలో తెరవడం, చీటీ ఎక్కించడం, వెంటనే మూసెయ్యడం చేశారు. మూడు రోజులు కాపీయే పడలేదు. నాలుగో రోజు కరెంటు ఎగిరెగిరి వచ్చి లాప్‌టాప్‌లో డిస్కు పోయింది. బాగుచేసే అబ్బాయి పెదవి విరిచేశాడు.

ఆయన రైతులందరి దగ్గరా చీటీలు అడిగి తెప్పించుకుని రెండు రాత్రులు కూర్చున్నారు. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఒక పెద్దాయన చీటీ చొక్కా జేబులో ఉండి ఉతుకులో పోయింది. ఆయన పద్నాలుగు క్వింటాళ్ళన్నాడు. మా ఆయనకి పన్నెండని గుర్తు. పద్నాలుగుకే డబ్బిచ్చేశారు. రెండు క్వింటాళ్ళు పెద్ద లెక్క కాదు. కానీ డబ్బు తీసుకుంటూ ఆ పెద్దాయన, "ఇరవయ్యేళ్ళలో నువ్వు నన్ను తూకం అడగడం ఇదే మొదలు నాయనా" అన్నాడట. ఆ మాట ఈయన గుండెలో ముల్లులా దిగింది. ఇంటికొచ్చి ఖాతా పుస్తకం దుమ్ము దులిపారు. "ఇంక కంప్యూటరూ వద్దు, ఏమీ వద్దు" అన్నారు. అక్కడ హాస్టల్లో ఫోన్ పట్టుకుని ఉన్న పిల్ల వింది. వారం రోజులు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

ఈ వేసవికి ఇంటికి రాగానే బ్యాగ్ కూడా విప్పకుండా అంది: "నాన్నా, నాకు పది రోజులు టైమివ్వు. నీ అలవాటు మార్చుకోవద్దు. ఇంటూ గుర్తు నొక్కుకో. నా ప్రోగ్రామే మారుతుంది."

ఆ పది రోజులు నేను పక్కనే ఉండి చూశాను. మీకు కూడా పనికొస్తుందని చెబుతున్నాను, కష్టమేం కాదు.

కంప్యూటర్ తెర అడుగున ఒక పట్టీ ఉంటుంది కదా. దాని కుడి చివర గడియారం, స్పీకరు, బ్యాటరీ, వైఫై గుర్తులుంటాయి. ఆ చోటుని అందరూ సిస్టం ట్రే అంటారు. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చినప్పుడు ఈ పట్టీ, ఈ మూల మన కంప్యూటర్లలోకి వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు పెట్టుకున్న పేరు నోటిఫికేషన్ ఏరియా. అంటే కబుర్లు చెప్పే చోటు. ఆ రోజుల్లో స్పీకరు, బ్యాటరీ గుర్తుల్ని అక్కడ చూపించే చిన్న ప్రోగ్రాం పేరు సిస్‌ట్రే. జనం ఆ పేరే పట్టుకున్నారు. బారసాలలో పెట్టిన పేరు రికార్డుల్లో ఉండిపోయి, అమ్మమ్మ పిలిచిన పేరే ఊరంతా పాకినట్టు!

అక్కడ ఏ గుర్తు ఉంటే ఆ ప్రోగ్రాం లోపల పనిచేస్తోందని అర్థం. తెర మీద కిటికీ తెరిచి ఉండక్కర్లేదు. పిల్ల వాడే భాషలో దీనికి నోటిఫైఐకాన్ అని ఒక సిద్ధంగా ఉన్న సరుకు ఉంది. దానికి ఒక బొమ్మ ఇవ్వాలి, మౌసు పెడితే కనిపించే ఒక చిన్న మాట ఇవ్వాలి, కుడి మీట నొక్కితే వచ్చే చిన్న జాబితా ఇవ్వాలి, "ఇక కనబడు" అని చెప్పాలి. అంతే, మూలకొచ్చి కూర్చుంటుంది. ఆ భాగం దానికి గంట పని. మిగతా తొమ్మిది రోజులూ వేరే సంగతులకి పట్టాయి.

మొదటిది, ఇంటూ గుర్తు సంగతి. అది నొక్కితే ప్రోగ్రాం చచ్చిపోకూడదు, కిటికీ మాత్రమే దాక్కోవాలి. ఇది వింటున్న మా అత్తయ్యగారు, "అంటే తలుపు దగ్గరగా వేసినట్టా, గడియ పెట్టినట్టా?" అని అడిగారు. పిల్ల రెండు నిమిషాలు నానమ్మ ముఖం చూసి, "అబ్బ నానమ్మా! మా సారు అరగంట చెప్పింది నువ్వు ఒక్క ముక్కలో చెప్పావు" అంది. ఇంటూ గుర్తంటే తలుపు దగ్గరగా వెయ్యడం. మనుషులు లోపలే ఉన్నారు. గడియ పెట్టాలంటే ట్రేలో ఉన్న బొమ్మ మీద కుడి మీట నొక్కి, జాబితాలో "పూర్తిగా ఆపు" అన్నది ఎంచుకోవాలి.

కానీ ఇందులో మోసం ఉండకూడదు అంది పిల్ల. మూసేశానని మనిషి అనుకుంటుంటే, తెలియకుండా లోపల నడవడం మర్యాద కాదట. అందుకని మొదటిసారి ఇంటూ నొక్కగానే మూలనుంచి చిన్న కబురొకటి పైకి లేస్తుంది: "నేను ఇక్కడే ఉన్నాను. పిలవాలంటే మామిడికాయ మీద నొక్కండి." ఆ తర్వాత ఇంక విసిగించదు.

ఇంకో మెలిక. ఇంటూ నొక్కినా మూతపడొద్దని గట్టిగా చెబితే, లాప్‌టాప్ మొత్తం ఆపేటప్పుడు కూడా అది మొండికేస్తుందట. "నేను కదలను" అని షట్‌డౌన్‌కి అడ్డం పడుతుందట. కాబట్టి మూసేది ఎవరో చూసుకోవాలి. మనిషి ఇంటూ నొక్కితే దాక్కోవాలి. విండోసే ఆగిపోతుంటే లెక్కలు చివరిసారి దాచి, మారు మాట్లాడకుండా వెళ్ళిపోవాలి. వెళ్ళేటప్పుడు తన బొమ్మని తనే తీసేసుకోవాలి. లేకపోతే ప్రోగ్రాం పోయినా బొమ్మ ఒక్కటీ అక్కడే దయ్యంలా మిగులుతుంది, మౌసు దాని మీదకి వెళ్ళాకగానీ మాయమవదు.

రెండోది బొమ్మ. ఇక్కడ నాకు పని పడింది. ట్రేలో బొమ్మకి దొరికే చోటు మామూలు తెర మీద అడ్డంగా పదహారు గళ్ళు, నిలువుగా పదహారు గళ్ళు. మొత్తం 256. అందులో మామిడికాయ గీయాలి. పిల్ల గీసింది చూసి అత్తయ్యగారు "వంకాయ బాగుందే" అన్నారు. పెద్ద బొమ్మ గీసి కుదిస్తే మసకబారిపోతోంది. నేను గళ్ళ కాగితం, పెన్సిలు తెమ్మన్నాను. పదహారు చుక్కలు, పదహారు వరుసలు. ధనుర్మాసంలో నెల్లాళ్ళు వాకిట్లో మనం చేసే పనే కదా! చుక్క మీద చుక్క పెట్టి కాయ నింపాను.

బంగినపల్లి గీస్తే కోడిగుడ్డులా వచ్చింది. చిన్నరసం గీస్తే నిమ్మకాయ. ఎంత రుచైన కాయైనా దూరం నుంచి చూస్తే గుండ్రమే. కలెక్టరు కాయకి ముక్కు ఉంటుంది. తోతాపురి అని పిలవడం కూడా ఆ చిలక ముక్కు వల్లే. ఆ ముక్కు వంపుకి రెండు గళ్ళు, తొడిమకి ఒక గడి, ఆకుకి నాలుగు గళ్ళు ఇచ్చేసరికి మామిడికాయ అయి కూర్చుంది. రసాల తోటలున్న ఇంట్లో కలెక్టరు కాయ గుర్తేంటని మా ఆయన కాసేపు గొణిగారు. పచ్చడికి కాదు, ఫొటోకి అని సర్దిచెప్పాను.

తర్వాత రంగు దగ్గర తండ్రీకూతుళ్ళకి పేచీ. పిల్ల అన్నీ బాగుంటే ఆకుపచ్చ, కాపీ ఆగితే ఎరుపు పెట్టింది, సిగ్నల్ లైట్లలాగా. మా ఆయన "పచ్చగా ఉంటే కాయ ఇంకా పక్వానికి రాలేదనుకుంటాను గానీ, బాగుందని ఎలా అనుకుంటానే?" అన్నారు. నిజమే. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కళ్ళు పసుపు కోసమే వెతుకుతున్నాయి. చివరికి అన్నీ సరిగ్గా ఉంటే పసుపు పండు, కాపీ పడకపోతే అదే పండు మీద ఎర్ర మచ్చ అని తేలింది. మచ్చ పడ్డ పండుని ఏ మామిడి వ్యాపారీ చూడకుండా వదలడు.

మూడోది మాట. మౌసు పెడితే కనిపించే ఆ చిన్న మాట పిల్ల వాడిన పద్ధతిలో 63 అక్షరాలకి మించకూడదట. మించితే ప్రోగ్రామే ఆగిపోతోంది. అది రాసింది ఇదీ: "మీ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కి అనుసంధానించబడలేదు కనుక లెక్కలు భద్రపరచబడలేదు". నాకు లెక్కపెడితే అరవై మూడు రావడం లేదు. అప్పుడు చెప్పింది. మనకి "మామిడి" మూడక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు. మ, దీర్ఘం, మ, గుడి, డ, గుడి. "అమ్మ"లో రెండక్షరాలు మనకి, దానికి నాలుగు. వత్తు ఇచ్చే ముందు ఒక పొల్లు కూడా లెక్కే. ఆ వాక్యం దాని లెక్కలో 72 అయింది.

బి.ఎ. తెలుగు చదివి ఏం చేశావే అని అడిగే చుట్టాలందరికీ ఆ రోజు మనసులోనే జవాబు చెప్పాను. "బడలేదు బడలేదు అని ఎవరు మాట్లాడతారే మనింట్లో? పెన్‌డ్రైవ్ పెట్టలేదు, లెక్కలు కాపీ కాలేదు అను" అన్నాను. 42కి దిగింది. "అమ్మా, నీ వాక్యంలో గుమాస్తా లేడు, నాన్నే ఉన్నాడు" అంది. నా చదువుకి అంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

అన్నీ అయ్యాక మా ఆయన వచ్చి కూర్చున్నారు. ఇంటూ నొక్కారు. కిటికీ పోయింది. మూల చూశారు. "ఏదే నీ మామిడికాయ?" అన్నారు. లేదు! విండోస్ కొత్తగా వచ్చిన గుర్తుల్ని మొదట పైకి చూపే చిన్న బాణం వెనక దాచేస్తుంది. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఇదే పద్ధతి. ప్రోగ్రాం రాసినవాళ్ళు ఎంత బతిమాలినా తమంతట తాము బయటికి వచ్చి కూర్చోలేరు. ప్రతి కంపెనీ తన గుర్తే ముందుండాలంటుంది కదా, అందుకని ఆ నిర్ణయం వాడేవాళ్ళకే వదిలేశారు. ముందుగదిలో ఎవరు కూర్చోవాలో ఇంటివాళ్ళు చెప్పాలిగానీ వచ్చినవాళ్ళు కాదు. మా ఆయనే బాణం నొక్కి, మామిడికాయని పట్టుకుని గడియారం పక్కకి లాక్కొచ్చి పెట్టుకున్నారు. పిల్ల చెయ్యి వెయ్యలేదు. ఆయన చేత్తో ఆయనే తెచ్చుకున్నది కాబట్టే ఆయన నమ్మారేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పెన్‌డ్రైవ్ లాగి చూశారు. ఎర్ర మచ్చ వచ్చింది. మళ్ళీ పెట్టారు. పండు పండింది. నాలుగైదుసార్లు అలా తీస్తూ పెడుతూ చిన్నపిల్లాడిలా ఆడారు. ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోతూ లైటు, ఫ్యాను, గ్యాసు, గేటు అయ్యాక లాప్‌టాప్ ముందు నిలబడి, ఇంటూ నొక్కి, మూలన పసుపు చూసుకుని వచ్చారు. పుస్తకం కూడా రాస్తున్నారు, నకలు చీటీలు కూడా దాస్తున్నారు. దాచనివ్వండి అంది పిల్ల. కాపీ ఎన్ని చోట్ల ఉంటే అంత మంచిదే.

ఆ రాత్రి అన్నాలు తింటుంటే పిల్లకి హుషారు వచ్చింది. "అమ్మా, నువ్వు కూడా ట్రే ఐకాన్ లాంటిదానివే. ఎవరికీ కనబడవు, లోపల అన్నీ నడిపిస్తుంటావు" అంది. మెచ్చుకోలే అది, నాకు తెలుసు. మదర్స్ డేకి ఇలాంటివి ఫోన్ నిండా వస్తాయి. మామూలుగా అయితే నవ్వేసి ఊరుకునేదాన్ని. కానీ పది రోజులు పక్కన కూర్చుని నేర్చుకున్నాను కదా, అడిగేశాను.

"దానికి కుడి మీట నొక్కితే 'పూర్తిగా ఆపు' అని ఉంది. నాకేదే? దానికి ఒంట్లో బాగాలేకపోతే ఎర్ర మచ్చ పడుతుంది, మీ నాన్న వెంటనే చూస్తారు. నా మచ్చ ఎవరు చూస్తారు?"

ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్యగారు మజ్జిగ పోసుకుంటూ, "అడగాల్సిందే అడిగావు, నేనైతే యాభయ్యేళ్ళు అడగలేదు" అన్నారు. అంతే. పెద్ద గొడవేం జరగలేదు. కళ్ళనీళ్ళూ లేవు. అందరం చేతులు కడుక్కున్నాం.

కానీ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఎండ మండిపోతుంటే, కాటా దగ్గర పని సద్దుమణిగింది. నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. లెక్కల కిటికీ లేదు, తెరంతా ఖాళీగా ఉంది. నేను తెలుగు టైపు చేసుకునే గుర్తు కూడా ఆ మూలనే ఉంటుంది, ఇంగ్లీషులో ఉన్నానో తెలుగులో ఉన్నానో చెబుతూ. ఇన్నాళ్ళూ అక్కడ ఒక్కత్తే ఉండేది. ఇప్పుడు పక్కన ఆయన మామిడికాయ. నేను రాస్తూనే ఉన్నాను, ఆయన లెక్కలు కాపీ అవుతూనే ఉన్నాయి. ఇద్దరం ఒకే బల్ల మీద పని చేసుకోవడం పెళ్ళైన ఇన్నేళ్ళలో అదే మొదలు.

మూడున్నరకి మా ఆయన లోపలికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "ఒక చీటీ ఎక్కించాలి, ఐదు నిమిషాలు ఇస్తావా? లేకపోతే నీదయ్యాక పిలువు" అన్నారు. ఇన్నేళ్ళూ ఆ లాప్‌టాప్‌ని నేను అడిగి తీసుకున్నాను. ఆయన నన్ను అడగడం కొత్త. ఇచ్చాను. నాలుగు నిమిషాల్లో లేచి, ఇంటూ నొక్కి, నా పేజీ నాకు వదిలి వెళ్ళారు. అప్పటినుంచి రెండు నుంచి నాలుగు దాకా నాది. ఎవరూ చట్టం చెయ్యలేదు, అలా నడుస్తోంది.

మీరు కూడా తీరిక దొరికినప్పుడు ఒకసారి మీ ఇంట్లో కంప్యూటర్ మూలన ఉన్న ఆ బాణం నొక్కి చూడండి. పిలవకుండా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎంతమందో తెలుస్తుంది. మౌసు పెడితే పేరు చెబుతారు. అక్కర్లేనివాళ్ళని కుడి మీట నొక్కి పంపించెయ్యండి. కావలసినవాళ్ళని బయటికి, కంటికి ఎదురుగా తెచ్చి పెట్టుకోండి. లోపల పనిచేసేవాళ్ళు కంటికి కనిపిస్తుంటేనే వాళ్ళకేమైనా అయితే మనకి తెలిసేది.